చావిడిలో పట్టు రుమాలు

నేల మీద పడిన పట్టుగుడ్డను ఎవరైనా దాటుకుంటూ పోతే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న మా చెల్లెలి కూతురు సింధు మీద అందుకే గయ్యిమన్నాను. పాపం, అది హైదరాబాదు నుంచి రెండు రోజులు ఉండి పోదామని మార్కాపురం వచ్చింది. నా బీరువా తెరిచి, అందులోని స్కార్ఫులన్నీ మంచం మీద పరుచుకుని ఒక్కొక్కటే మెడకు చుట్టుకుని అద్దంలో చూసుకుంటోంది. నాకూ సంబరంగానే ఉంది. అంతలో మైసూరు పట్టుది ఒకటి జారి కింద పడింది. ఫోనేదో మోగితే ఆ పిల్ల దాన్ని దాటుకుని వసారాలోకి పోయింది, మాట్లాడి మళ్ళీ దాటుకునే వచ్చింది. నేను అరిచిన అరుపుకు పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. సింధు బిత్తరపోయి, ఒక గుడ్డముక్కకు ఇంత కోపమేంటి పెద్దమ్మా అంది. కోపం కాదు, భయం అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు గానీ, వచ్చాక అది నిజమేననిపించింది.

నాకు పట్టు స్కార్ఫులంటే పిచ్చి. దాచుకోవడానికేముంది, ఊరంతటికీ తెలిసిన సంగతే. బడిలో పాఠాలు చెప్పిన రోజుల్లోనే మొదలైంది. నలుగురూ నగలు కొనుక్కుంటుంటే నేను ఇవి కొనుక్కున్నాను. కాశ్మీరు నుంచి తెప్పించినది చలికాలం తెల్లవారుజామున మెడకు చుట్టుకుంటే గోరువెచ్చని చేయి వేసినట్టుంటుంది. బెనారసుది విప్పుతుంటే ఎండుటాకుల మీద నడిచినట్టు చప్పుడు చేస్తుంది. పోచంపల్లిది కిటికీ దగ్గర పట్టుకుంటే ఒక రంగు, లోపలికి తెస్తే ఇంకో రంగు. బస్సులో కూర్చుని చీర మీద స్కార్ఫు సర్దుకుంటూ ఉంటే, ఇంత ఎండలో ఇదేం వేషమే తల్లీ అన్నట్టు చూసేవాళ్ళు చూస్తారు. చూడనీ. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా అవ్వ నన్ను చిన్నప్పుడే తీర్మానించేసింది. నిజానికి ఆ మాట ఆమె మొదట అన్నది నన్ను కాదు, మా తాతను.

మా తాత పేరు గురవయ్య. గిద్దలూరికి పడమరగా, కొండల వైపు ఉండే ఒక ఊళ్ళో గొర్రెలు కాసిన మనిషి. ఎత్తరి. భుజాన నల్ల గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకు టైరు చెప్పులు, మోకాళ్ళ పైకి గోచీ పెట్టిన పంచె. ఇంతవరకూ ఆయన అందరిలాంటి గొర్రెలకాపరే. తల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రాజు. తలకు చుట్టుకునే గుడ్డను మా వైపు రుమాలు అంటారు. అందరూ నూలు రుమాళ్ళు చుట్టుకుంటారు. మా తాతకు నూలువి రోజూ వాడుకకే. పండగలకూ పెళ్ళిళ్ళకూ సంతలకూ పట్టు రుమాళ్ళు ఉండేవి. వంగపండు రంగుది, చిలకపచ్చది, నెమలికంఠం రంగుది, ఇంకా కొన్ని. ఏ శుభానికి ఏది కట్టాలో ఆయనకొక లెక్క. బొచ్చు కత్తిరింపులు అయిపోయి, ఉన్ని అమ్ముడుపోయిన వారంలో ఆయన కొత్త రుమాలు కొనకుండా ఉండలేడు. గొర్రె బొచ్చు అమ్మి పురుగు కక్కిన దారం కొనుక్కొస్తాడు ఈ మనిషి, అని అవ్వ సణిగేది. సణుగుతూనే వాటికోసం ఎండిన వేపాకు, వట్టివేళ్ళు గుడ్డలో కట్టి పెట్టెలో వేసేది.

ఆ పెట్టె తియ్యడం మా ఇంట్లో చిన్న పండగ. తాత ముందుగా చేతులకు ఆముదం రాసుకుని, సున్నిపిండితో రుద్దుకుని కడుక్కునేవాడు. కర్ర పట్టీ, గొర్రెల కాళ్ళు పట్టీ ఆయన అరచేతులు బండబారిపోయాయి. పట్టు వాటికి తగిలిందంటే దారం లేచిపోయేది. ఎన్ని రుద్దినా నమ్మకం చాలక, చివరికి నన్నే పిలిచేవాడు. నేను మడత విప్పేదాన్ని, నేను మడత పెట్టేదాన్ని. పెట్టిన మడత మీదే మళ్ళీ పెట్టకూడదు, అక్కడ దారం నలిగి తెగుతుందని చెప్పేవాడు. గొంగడిని నేల మీద పరిచి, దాని మీద రుమాలు పరచమనేవాడు. నల్లటి ఉన్ని మీద ఆ రంగులు ఎంత బాగుండేవో చెప్పలేను. ఇంటి నిండా గొర్రెల కంపు, పిడకల పొగ, పులిసిన మజ్జిగ వాసన. మధ్యలో ఆ కాస్త మేర వట్టివేళ్ళ వాసన. తాత అలా చూస్తూ కూర్చునేవాడు. ఆయన అటు తిరిగినప్పుడు నేను ఒకదాని అంచు బుగ్గకు ఆనించుకునేదాన్ని. ఈనాటి నా పిచ్చికి విత్తనం అక్కడే పడింది.

రుమాళ్ళు తెచ్చేది మస్తాన్ మామ. మూట భుజాన వేసుకుని పామూరు, గిద్దలూరు, కంభం ఊళ్ళన్నీ తిరిగే బట్టల వ్యాపారి. ఊళ్ళో అందరికీ మామే. ఒకసారి ఆయన పసుపు పచ్చది, ఎర్రటి అంచుది ఒకటి తెచ్చాడు. అంచులో సన్నటి జరీ. అలాంటిది నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత కూడా ఎక్కడా చూడలేదు. మస్తాన్ మామ దాన్ని ముందు చూపించింది మాకు కాదు, పెద్దరైతు ఓబులయ్యకు. ఓబులయ్య దాన్ని తలకు చుట్టుకుని చూసుకున్నాడట, బాగుందన్నాడట, మళ్ళీ బేరానికి దిగి, రేపు రా, ఎల్లుండి రా అన్నాడట. ఎదురుచూసి విసిగిన మస్తాన్ మామ మా గడప ముందు మూట దించాడు. తాత ఒక్కసారి చూశాడు, రెండో మాట లేకుండా తీసుకున్నాడు. ఓబులయ్య మర్నాడు అడిగితే అది గురవయ్య పెట్టెలోకి పోయిందని తెలిసింది. పోనీలే, బావే గదా కట్టుకునేది అని నవ్వేశాడని మేమంతా అనుకున్నాం.

బావ అంటే నిజం బావ కాదు. కులాలు వేరు. ఊరి వరసలో తాతా ఓబులయ్యా బావా బావా అని పిలుచుకునేవాళ్ళు. దాన్నిబట్టి అవ్వకు ఆయన అన్న. పిలుపులే కాదు, ఒకరి అవసరం ఒకరికి ఉండేది. పంట కోసిన చేలల్లో మా మందను రాత్రులు ఆపితే ఆ ఎరువుతో మరుసటి ఏడు ఆ చేను కళకళలాడేది. వేసవిలో ఊళ్ళో నీళ్ళు అడుగంటితే ఓబులయ్య బావి దగ్గరి తొట్టే మా గొర్రెలకు దిక్కు. ఆయన ఆయిల్ ఇంజను చప్పుడు వినపడితే చాలు, మంద దానంతట అదే అటు తిరిగేది.

ఆ వేసవి మాత్రం వేరు. వానలు ఎగ్గొట్టిన ఏడు. ఓబులయ్య తన బావి కింద కాస్త సజ్జ వేసి, పసిబిడ్డను సాకినట్టు సాకుతున్నాడు. ఆ చుట్టుపక్కల కంటికి పచ్చగా కనిపించేది అదొక్కటే. ఒక మధ్యాహ్నం నీళ్ళకని పోతున్న మంద, మా నాయన చేతిలో లేకుండా పోయింది. ఎంత అదిలించినా ఆగకుండా కంచె తొక్కుకుని చేలో పడింది. నాయన, తాత కలిసి బయటికి తోలేసరికి సజ్జ సగం నాకేసినట్టయింది. నష్టానికి తగ్గట్టు రెండేళ్ళ పాటు ఆయన చేలన్నిటికీ మంద ఊరికే ఆపుతామని తాత అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. రేపు పొద్దున చావిడికి రా గురవయ్యా, అని మాత్రం అన్నాడు ఓబులయ్య. బావా అనలేదు. ఇంటికొచ్చి ఆ మాట చెబుతూ తాత గడప మీదే కూర్చుండిపోయాడు.

మా ఊళ్ళో ఒక కట్టు ఉండేది. తప్పు జరిగిన ఇంటి పెద్ద చావిడిలో పదిమంది ముందు తన తల రుమాలు విప్పి నేల మీద పెట్టాలి. దాని మీద ఒక రాయి పెడతారు. నష్టపోయినవాడు వచ్చి, రాయి తీసి, రుమాలు దులిపి, తన చేత్తో మళ్ళీ అతని తలకు కట్టాలి. అప్పుడే తప్పు తీరినట్టు. సాధారణంగా అది అప్పటికప్పుడే జరిగిపోయేది. నాలుగు మాటలు అనడం, రెండు మాటలు పడడం, రుమాలు కట్టడం, అంతా కలిసి కల్లు తాగడం. ఎదుటివాడు తియ్యకపోతే మాత్రం అది అలాగే అక్కడే ఉండాలి. ఇంకెవ్వరూ ముట్టకూడదు, దాటకూడదు. పెట్టినవాడు తలకు ఏ గుడ్డా లేకుండా బోడితలతో తిరగాలి. రెండు ఇళ్ళ మధ్య నీళ్ళూ నిప్పూ మాటా ఉండకూడదు. పెట్టినవాడు ఊరి పొలిమేర దాటకూడదు. అలా ఒక పూట దాటిందని నేనెప్పుడూ వినలేదు.

పొద్దున్నే తాత పెట్టె తెరిపించాడు. ఆముదం లేదు, సున్నిపిండి లేదు. ఆ పసుపు పచ్చది తియ్యమన్నాడు. అవ్వ అడ్డం వచ్చి, చావిడి నేల మీద పెట్టేదానికి నూలుది చాలదా అంది. తాత వినలేదు. దాన్ని అద్దంలో చూసి చక్కగా చుట్టుకున్నాడు, ఎర్రంచు నుదుటి మీదికి వచ్చేలా సవరించుకున్నాడు. పెళ్ళికి పోతున్నవాడిలా నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. చావిడిలో ఆయన రుమాలు విప్పి ఓబులయ్య కాళ్ళ ముందు పరిచినప్పుడు అక్కడున్నవాళ్ళంతా ఒక్కసారి గొణిగారు. అంత మంచి గుడ్డను అంత దుమ్ములో ఎవరూ చూసి ఉండరు. ఓబులయ్య దాన్ని చూశాడు. మెడ దగ్గర నరాలు ఉబ్బాయి. తన నూలు రుమాలును ఇంకాస్త బిగించి కట్టుకుని, లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. కొడుకులు ఆయన వెంట నడిచారు. ఎవరో ఒక పెద్దాయన బండరాయి తెచ్చి పట్టు మీద పెట్టాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో గొంతు పెంచి మాట్లాడినవాళ్ళు లేరు. బడికి పోయే దారి చావిడి ముందు నుంచే. రోజూ పోతూ వస్తూ దాన్ని చూసేదాన్ని. పసుపు రంగు ముందు దుమ్ము పట్టి మసకబారింది. తర్వాత ఎండకు వెలిసిపోయింది. మేకలు వచ్చి వాసన చూస్తే అదిలించడానికి కూడా భయం. గాలికి ఒక కొస లేచి టపటపా కొట్టుకునేది. నా చేత్తో మడత పెట్టినదాన్ని నేనే చూస్తూ వదిలి పోవాలి. పిల్లలు ఆడుకుంటూ కూడా దాని చుట్టూ తిరిగి పోయేవాళ్ళు. తాత బోడితల మీద తెల్లటి వెంట్రుకలు, వాటి కింద ఎప్పుడూ ఎండ తగలని పాలిపోయిన చర్మం. పెట్టె నిండా పట్టు ఉండి కూడా తలకు చిన్న పీలిక కట్టలేదు. ఇంటికి ఎవరైనా వస్తే లేచి దొడ్లోకి పోయేవాడు. నాకు ఆయన్ను చూస్తే ఏడుపు వచ్చేది, కోపమూ వచ్చేది.

అసలు బాధ తాతది కాదు, గొర్రెలది. ఓబులయ్య తొట్టి మూసినట్టే. నాయన మందను గుండ్లకమ్మ దాకా తోలుకుపోయి, ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్ళు దోసిళ్ళతో తోడి పోసేవాడు. పోయేటప్పటికి కొన్ని, వచ్చేటప్పటికి ఇంకొన్ని దారిలో కూలబడేవి. ఇలాంటి ఏళ్ళలో మావాళ్ళు నల్లమలలోకి మంద తోలుకుపోయేవాళ్ళు. అడవిలో ఏ వాగులో వేసవికి నీళ్ళు నిలుస్తాయో, ఏ గుండం దగ్గరికి పోకూడదో తాతకు తెలుసు. నాయనకు తెలియదు. తాత లేకుండా పోలేడు, తాత పొలిమేర దాటడు. పొద్దున లేస్తే ఏ గొర్రె చచ్చిందో అని దొడ్డి వైపు చూడాలంటే అందరికీ బెరుకు. పెట్టెలోంచి వేరే గుడ్డ తీసి కట్టుకో, పోదాం పా, ఈ కాలంలో ఎవరు పాటిస్తారు ఆ కట్టు అని నాయన బతిమాలాడు. తాత తల తిప్పుకున్నాడు. నీ పట్టు నీకు ముద్దు, నా గొర్రెలు ఎవరికి పట్టినయి అని నాయన చెంబు విసిరి కొట్టాడు. నాయన తన తండ్రి ముందు అలా మాట్లాడడం నేను చూసింది అదొక్కసారే.

ఇంతలో మస్తాన్ మామ వచ్చాడు. ఊళ్ళో జరిగింది ఆయనకు తెలియదు. చావిడి దగ్గర తాను అమ్మిన రుమాలు రాయి కింద చూసి, మూట దించకుండానే గబగబా మా ఇంటికి నడిచాడు. దారిలో ఓబులయ్య వాకిట్లో కాసేపు ఆగాడట. అక్కడ విన్న మాట అవ్వ చెవిన వేశాడు. నాకు దక్కని గుడ్డ తెచ్చి నా కాళ్ళ ముందర పరిచి, చూడు నా దగ్గర ఏముందో అని పదిమందిలో ఎగతాళి చేసినాడు, తప్పు వాడిది, నవ్వులపాలు నేను, అని ఓబులయ్య కుమిలిపోతున్నాడట. సజ్జ మాటే ఎత్తలేదట. తియ్యబోతే గుడ్డకు ఆశపడి లొంగినాడంటారు, తియ్యకపోతే నీళ్ళియ్యని కసాయి అంటారు, మింగలేను కక్కలేను అన్నాడట.

అవ్వ సరాసరి దొడ్లోకి పోయింది. తాత గొర్రెపిల్ల నోట్లో తడిగుడ్డ పిండుతున్నాడు.

“ఆ గుడ్డే ఎందుకు పెట్టినావు? అది ఆయన ఆశపడింది గదా.”

తాత నిజంగానే తెల్లబోయాడు. ఆ సంగతి ఆయన మనసులోనే లేదు.

“మన దాంట్లో అన్నిటికంటే మంచిది అదే గదా. తప్పు చేసినోడు మంచిది దాచుకుని, మాసింది పెడతాడా? ఆయనకు మర్యాద అని పెట్టినా.”

“నీకు మర్యాద. ఆయనకు పుండు మీద కారం.”

తాత చేతిలోని తడిగుడ్డ కింద పెట్టేశాడు. పోయి చెప్పుకుందామంటే రెండు ఇళ్ళ మధ్య మాట లేదు. ఆయన కట్టు తప్పే మనిషి కాదు. అవ్వ కాసేపు ఆయన బోడితలను చూస్తూ నిలబడి, కొంగు బిగించి, నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది. కట్టు పెట్టింది మగోళ్ళు, నాకేంది అంది. ఆ మాట గట్టిగానే అంది గానీ వీధి మలుపు దగ్గర ఆగి అటూ ఇటూ చూసింది. ఓబులయ్య కొడుకులు మా వాళ్ళను చూస్తే కర్రలు తీసుకుంటున్న రోజులవి.

ఓబులయ్య వసారాలో పలుపుతాడు పేనుతున్నాడు. పెద్దకొడుకు మమ్మల్ని చూసి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అవ్వ అతన్ని చూసీ చూడనట్టే, గడప బయటే నిలబడి చెప్పింది.

“అన్నా, ఆ రుమాలు నీకు చూపించను పెట్టలేదు. మా ఇంట్లో అంతకంటే మంచిది ఉండుంటే అదే పెట్టుండేవాడు. మీ బావ తెలివి తక్కువోడు, అది నాకు తెలుసు. ఎగతాళి చేసేవాడు మాత్రం కాదు, అది నీకు తెలుసు.”

ఓబులయ్య తల ఎత్తలేదు. తాడు పేనడం ఆపాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. మేం కాసేపు నిలబడి వచ్చేశాం. దారి పొడుగునా అవ్వ నా వేళ్ళు నొప్పి పుట్టేలా పట్టుకుంది.

మర్నాడు పొద్దున దొడ్లో మందను నడిపించే పెద్ద గొర్రె చచ్చి పడి ఉంది. నాయన దాన్ని చూశాడు. కర్ర తీసుకుని వీధిలోకి నడిచాడు. ఎక్కడికి పోతున్నాడో అర్థమై నేను తాత దగ్గరికి పరిగెత్తాను. రుమాలును నాయనే తీసేస్తే ఇక అది తీరే తప్పు కాదు. ఊళ్ళో మా ఇంటికి నీళ్ళు పోసేవాడు ఉండడు, మా చేతి ఉన్ని కొనేవాడు ఉండడు. తాత బోడితలతో, చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన చావిడి చేరేసరికి నాయన రాయి ముందు వంగి ఉన్నాడు. వద్దురా అని తాత నాయన చెయ్యి పట్టుకున్నాడు. నాయన విదిలించాడు. ఊరు పోగైంది. తండ్రీ కొడుకూ ఆ పట్టుగుడ్డకు అటూ ఇటూ నిలబడి రొప్పుతున్నారు.

“ఆగు అబ్బోడా. తీసేది ఎవరు, నువ్వు వంగేదేంది?”

ఓబులయ్య గొంతు అది. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. జనం దారి ఇచ్చారు. ఆయన వచ్చి రాయి పక్కకు దొర్లించాడు. రుమాలు రెండు చేతులా ఎత్తాడు. కట్టు ప్రకారం దులపాలి కదా, ఒక్కసారి జాడించాడు. చర్రున చిరిగింది. అన్ని రోజుల ఎండకూ, రాతి అంచుకూ నలిగిపోయిన మడత దగ్గర పైనుంచి కిందికి రెండుగా చీలిపోయి ఒక ముక్క ఆయన చేతిలో, ఒక ముక్క నేల మీద.

చిరిగిన గుడ్డ బతికున్న మనిషి తలకు కట్టరు. అది చావు కోరినట్టు. కట్టకపోతే తప్పు తీరదు. మూల నుంచి ఒక ముసలాయన ఇది మంచి శకునం కాదని గొణిగాడు. ఓబులయ్య పెద్దకొడుకు ముందుకు వచ్చి, దేవుడే తేల్చినాడు, ఇంటికి రా నాయనా అన్నాడు. ఓబులయ్య తన చేతిలోని ముక్కను చూశాడు, నేల మీది ముక్కను చూశాడు. కొడుకు భుజం మీద చెయ్యి వేస్తే దాన్ని తీసి పక్కన పెట్టాడు. తర్వాత రెండు చేతులూ పైకెత్తి, తన తల మీది నూలు రుమాలు విప్పాడు. చెమటకు మరకలు పట్టి, పొగాకు వాసన వేసే మామూలు తెల్ల గుడ్డ. ఆయన బోడితలను ఊరు ఎప్పుడూ చూసి ఉండదు. ఆడవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు.

“బావా, కొంచెం వంగు. నాకు అందవు.”

తాత వంగాడు. ఓబులయ్య నింపాదిగా చుట్టు మీద చుట్టు వేసి, కొస దోపి, వెనక్కి తగ్గి చూసి, మళ్ళీ సరిచేశాడు. ఆ తర్వాత బోడితలతోనే తన ఇంటికి నడిచి పోయాడు. తాత ఆయన వెనకాలే నడిచాడు. పెద్దకొడుకు అక్కడే నిలబడిపోయాడు. పొద్దెక్కకముందే ఆయిల్ ఇంజను మోగింది. మంద అటు తిరిగిన తీరు, తొట్టి మీద పడి తాగిన తీరు చూస్తూ నాయన గట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇదంతా విన్నాక సింధు మంచం మీది స్కార్ఫులను మెల్లగా మడత పెట్టడం మొదలుపెట్టింది. ఆ చిరిగిన పట్టు ముక్కలు ఏమయ్యాయి పెద్దమ్మా అని అడిగింది. నాకు తెలియదు. ఎవరూ ఇంటికి తెచ్చినట్టు గుర్తు లేదు. ఆ కట్టు మంచిదా అని కూడా అడిగింది. మంచిదని ఎట్లా చెప్పను? ఇద్దరు మొండివాళ్ళ మర్యాదకు నోరు లేని జీవాలు చచ్చాయి. తాతది మర్యాదేనని ఆయన అన్నాడు, నేను నమ్ముతాను. కానీ అందులో కాస్త పొగరు కూడా ఉంది, అది కూడా నమ్ముతాను. పెళ్ళికి పోయినట్టు ముస్తాబై తప్పు ఒప్పుకోవడానికి పోయేవాడు తన పట్టు చూపించుకోవడానికి తప్ప ఇంకెందుకు అలా పోతాడు? ఇప్పుడు ఆ చావిడి లేదు, ఆ చోట గ్రామ సచివాలయం కట్టారు. చేలో గొర్రె పడితే ఫోన్లో వీడియో తీసి స్టేషనుకు పోతారు. జీవాలు చావవు, అది మంచిదే. కానీ కేసు ముగిశాక కూడా ఆ రెండు ఇళ్ళవాళ్ళు ఒకరినొకరు చూసుకోరు, బస్సులో పక్కన సీటు ఖాళీ ఉన్నా నిలబడే పోతారు. ఏది నయమో నా వల్ల తేలదు. నా బీరువాలో నేను ఇష్టపడి కొనుక్కున్న పట్టు ఉంది. రిటైరైన రోజున కప్పిన శాలువాలు కవర్లు కూడా విప్పకుండా ఒక అరలో ఉన్నాయి. ఒకే దుకాణంలో డజన్లుగా తెచ్చినవి, వాటిని ఎవరు కప్పారో కూడా నాకు గుర్తు లేదు.

మరి తాత పోయినప్పుడు ఏ పట్టు కట్టారు అని సింధు చివరగా అడిగింది. అది జరిగింది చాలా ఏళ్ళ తర్వాత. నేను అప్పటికి ఉద్యోగంలో ఉన్నాను, కబురు తెలిసి బస్సెక్కి వెళ్ళాను. ఓబులయ్య అంతకు ముందే పోయాడు. తాతను వాకిట్లో పడుకోబెట్టారు. నాయన పెట్టె తెచ్చి అన్నీ బయటికి తీశాడు. నెమలికంఠం రంగుదా, చిలకపచ్చదా అని చుట్టాలు తలా ఒకటి చెబుతున్నారు. అవ్వ లోపలికి పోయి ఆ నూలు గుడ్డ తెచ్చింది. ఉతికి ఉతికి పలచబడిపోయింది, అంచులు పోగులు పోయాయి. నాయన ఒప్పుకోలేదు. పెట్టె నిండా పట్టు పెట్టుకుని పాతగుడ్డ కడితే నలుగురూ ఏమంటారని అడిగాడు. అవ్వ తాత తల దగ్గర కూర్చుని చుట్టడం మొదలుపెడుతూ చెప్పింది.

“పట్టువన్నీ ఆయన కొనుక్కున్నవిరా. ఇదొక్కటే ఒకరు ఆయనకు కట్టింది.”